ఇరవై వేలతో మొదటి రైఫిల్: పాచిపెంట కుర్రాడికి చెప్పిన లెక్క

శంబర పోలమాంబ జాతరలో బెలూన్లు కొట్టే కొట్టు దగ్గర మొదలైంది ఈ సంగతి. పాచిపెంట నుంచి వచ్చిన మా ఎరికలో కుర్రాడొకడు పది గుళ్ళకి ఎనిమిది బెలూన్లు పేల్చేశాడు. ఆ కొట్టు తుపాకుల గురి సరిగ్గా ఉండదని జాతర కెళ్ళే ప్రతివాడికీ తెలుసు. అలాంటిదాంతో ఎనిమిది కొట్టాడంటే చెయ్యి కుదిరినట్టే. పక్కనే టీ తాగుతుంటే అడిగాడు.

"మాస్టారూ, సెమీ ఆటోమేటిక్ రైఫిలు చవగ్గా ఎక్కడ దొరుకుతాదండీ? ఫోన్లో చూసేను, భలేగుంటాది."

"నీ దగ్గర ఎంతుందిరా?"

"కిందటేడు జీడిపిక్కలమ్మిన డబ్బులు ఇరవై వేలున్నాయండి."

బళ్ళో ఎన్‌సీసీ చూసుకున్న ఏళ్ళన్నింటిలో ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. ఆరోజు వాడికి చెప్పిందే ఇక్కడ వరసగా రాస్తున్నాను. వరస కాస్త అటూ ఇటూ అయినా, మొదటి రెండు అడుగులు మాత్రం తప్పించొద్దు.

మొదటి అడుగు: ఫోన్లో చూసినదాన్ని పక్కన పెట్టండి

సెమీ ఆటోమేటిక్ అంటే ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక గుండు వెళ్తుంది, తర్వాతి గుండు దానంతటదే గదిలోకి ఎక్కి కూర్చుంటుంది. మళ్ళీ నొక్కితే మళ్ళీ పేలుతుంది. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో దుకాణంలోకి వెళ్ళి కొనుక్కుంటారు కాబట్టి, ఆ వీడియోలు చూసి మనకీ దొరుకుతుందనిపిస్తుంది. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం, దాని కింద 2016లో వచ్చిన నిబంధనలు తుపాకులను తరగతులుగా విడదీశాయి. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మొదటి తరగతిలోకి వెళ్ళింది. కలెక్టరు ఆఫీసుకి అర్జీ పెట్టుకుంటే మామూలు మనిషికి వచ్చే లైసెన్సు మూడో తరగతి ఆయుధాలకి. అదీ 21 ఏళ్ళు నిండినవాళ్ళకి, పోలీసు విచారణ అయ్యాక, అవసరం ఉందని వాళ్ళకి నమ్మకం కలిగితేనే. 2019 సవరణతో ఒక మనిషి పేరు మీద ఉండగల లైసెన్సు తుపాకులు మూడు నుంచి రెండుకి తగ్గాయి.

అంచేత "చవకలో సెమీ ఆటోమేటిక్" అన్నమాటకి పాచిపెంటలో అర్థం లేదు. చవగ్గా ఇస్తానని ఎవడైనా అన్నాడంటే వాడు అమ్మేది జైలు. ఊళ్ళో కమ్మరి చేతి నాటు తుపాకీ కూడా అంతే. లైసెన్సు లేకుండా ఇంట్లో అది దొరికితే, తాతల నాటిదన్నా ఎవరూ వినరు.

ఈ కొండల్లో ఇంకో సంగతుంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్ళాడు. 1960ల చివర్లో శ్రీకాకుళ గిరిజన పోరాటం ఈ పార్వతీపురం ఏజెన్సీలోనే రగిలింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ వెళ్ళే ఘాట్ రోడ్డులో సోదాలు మామూలయ్యాయి. మైదానంలో తుపాకీ కనిపిస్తే జనం "ఏ కంపెనీది?" అంటారు. ఇక్కడ "ఎవరిది?" అంటారు. ఈ తేడా కొనే ముందే బుర్రలో ఉండాలి.

రెండో అడుగు: ఎందుకో తేల్చుకోండి

ఊద, చోడి చేలల్లో పడే అడవిపందుల కోసమైతే ఈ వ్యాసం మీకు పనికిరాదు. దాని దారి అటవీశాఖ, తహసీల్దారు, కలెక్టరు మీదుగా పోతుంది. ఇటుకల పండగకి వేటకెళ్ళడానికో, పిట్టలు కొట్టడానికో అయితే వద్దు. 1972 వన్యప్రాణి చట్టానికి గాలి తుపాకీకీ నిప్పు తుపాకీకీ తేడా లేదు. గురి చూసి కొట్టడం ఇష్టం, పోటీకి వెళ్ళాలనుంది అంటే మాత్రం ఒక దారి తెరిచే ఉంది, అదే పది మీటర్ల ఎయిర్ రైఫిల్.

మనవాళ్ళకి ఇది కొత్త దారి కాదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం కొట్టింది ఈ ఆటలోనే. వినికిడి లోపం ఉన్న హైదరాబాదు కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్‌లింపిక్స్‌లో బంగారం తెచ్చిందీ ఇందులోనే. ఈ ఆటలో సెమీ ఆటోమేటిక్ ఊసే లేదు. ఒక్కో పెల్లెట్ చేత్తో పెట్టాలి, ఒక్కోటే కాల్చాలి. అరవై గుళ్ళకి గంటా పావు. పదో వలయం అరమిల్లీమీటరు చుక్క, అంటే బాల్ పెన్నుతో పెట్టిన బొట్టంత. అది చెప్పగానే మావాడి మొహం మారింది. బెలూన్ ఎంతుంటుందో, ఆ చుక్క ఎంతుంటుందో వాడికి అప్పుడు తట్టింది.

మూడో అడుగు: చట్టం గీత ఎక్కడుందో లెక్క కట్టుకోండి

లైసెన్సు అక్కర్లేని ఎయిర్ రైఫిల్‌కి రెండు హద్దులున్నాయి. గొట్టం లోపలి కొలత 4.5 మిల్లీమీటర్లు (0.177 అంగుళాలు) దాటకూడదు, మూతి దగ్గర శక్తి 20 జౌళ్ళు దాటకూడదు. దుకాణంలో 5.5 మిల్లీమీటర్లది చూపించి "ఇది ఇంకా గట్టిగా కొడుతుంది సార్" అంటే నమస్కారం పెట్టి పక్క గన్ను చూడండి.

శక్తి లెక్క బళ్ళో చదివిన సైన్సే. పెల్లెట్ బరువు కిలోల్లో, వేగం సెకనుకి మీటర్లలో. వేగాన్ని దానితోనే గుణించి, బరువుతో గుణించి, సగం చేయాలి. పోటీ రైఫిల్ 0.53 గ్రాముల పెల్లెట్‌ని సుమారు 175 మీటర్ల వేగంతో పంపుతుందనుకుందాం. లెక్క 8 జౌళ్ళ దగ్గర తేలుతుంది. ఒలింపిక్ పతకానికి అంతే చాలు. ఇప్పుడు అట్టపెట్టె మీద "సెకనుకి 1000 అడుగులు" అని రంగురంగుల్లో రాసిన గన్ను తీసుకోండి. 1000 అడుగులంటే దాదాపు 305 మీటర్లు. అర గ్రాము పెల్లెట్‌తో నిజంగా ఆ వేగం వస్తే 23 జౌళ్ళు, అంటే గీత దాటినట్టే. 0.4 గ్రాముల తేలిక పెల్లెట్‌తో వచ్చిన వేగమైతే 18 జౌళ్ళ చిల్లర, గీతకి ఇవతలే. పెట్టె మీది అంకె ఏ పెల్లెట్‌తో వచ్చిందో దుకాణదారుకి తెలియకపోతే ఆ అంకెకి విలువ లేదు. బిల్లు మీద మోడల్, సీరియల్ నంబరు, గొట్టం కొలత, "20 జౌళ్ళ లోపు" అన్నమాట రాయించుకోండి. గుర్తింపు కార్డు నకలు వాళ్ళు అడుగుతారు, ఇవ్వండి. అడగని దుకాణంలో కొనొద్దు.

ఆ బిల్లుని లామినేషన్ చేయించి గన్ను సంచిలోనే ఉంచాలి.

నాలుగో అడుగు: కొనకముందే కాల్చండి

ఇది పెద్దగా ఖర్చు లేని అడుగు, అందుకే అందరూ దాటేస్తారు. బడిలోనో కాలేజీలోనో ఎన్‌సీసీ ఉంటే చేరండి. 0.22 రైఫిల్‌తో నిజమైన ఫైరింగ్ చేయిస్తారు, గుళ్ళ ఖర్చు వాళ్ళదే. అది బోల్టు లాగి కాల్చేది. ఒక్క ఫైరింగ్ రోజుతో ఊపిరి ఎక్కడ ఆపాలో, ట్రిగ్గర్ లాగడానికీ నొక్కడానికీ తేడా ఏమిటో చేతికి తెలుస్తుంది. చదువు అయిపోయినవాళ్ళు విశాఖ వైపు వెళ్ళినప్పుడు రాష్ట్ర రైఫిల్ సంఘానికి అనుబంధమైన క్లబ్బు ఎక్కడుందో కనుక్కుని, అద్దె రైఫిల్‌తో పది రోజులు కాల్చి చూడండి. దేశం మొత్తానికీ ఈ ఆటని చూసే జాతీయ రైఫిల్ సంఘం 1951 నుంచీ ఉంది. పోటీకి వెళ్ళాలంటే ఏదో ఒక అనుబంధ క్లబ్బులో సభ్యత్వం ఉండాల్సిందే.

ఇంటి దగ్గరే చేయగల పరీక్ష ఒకటుంది. రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి ఎదురు కొండ మీద ఒక జీలుగు చెట్టుని చూడండి. ఒక కన్ను మూయండి, తర్వాత రెండోది. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు చెట్టు సందులోనే ఉండిపోతుందో అది మీ పెద్ద కన్ను. కుడిచేతి వాటం ఉన్నవాడికి ఎడమ కన్ను పెద్దదైతే, కుడిచేతి బట్టు (భుజానికి ఆనించే వెనక భాగం) ఉన్న రైఫిల్ కొన్నాక జన్మంతా మెడ వంచుకుని కాల్చాలి. ఇది తెలియక మెడనొప్పితో ఆట మానేసినవాళ్ళని ఎరుగుదును.

అయిదో అడుగు: ఏ రకం?

స్ప్రింగు గన్ను, గాలి సిలిండరు గన్ను. కొత్తవాడికి ఈ రెండే అనుకోండి.

స్ప్రింగు గన్నులో గొట్టాన్ని మధ్యలో విరిచి వంచితే లోపలి పిస్టన్ వెనక్కి వెళ్ళి స్ప్రింగు బిగుస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూకి గాలిని తోస్తుంది, ఆ గాలి పెల్లెట్‌ని తోస్తుంది. పంపు అక్కర్లేదు, సిలిండరు అక్కర్లేదు. కొండ మీద కరెంటు లేకపోయినా పనిచేస్తుంది. ఖరీదు అయిదారు వేల నుంచి పన్నెండు, పదిహేను వేల దాకా. లోపం ఏమిటంటే పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే గన్ను ముందుకీ వెనక్కీ తుళ్ళుతుంది. గట్టిగా బిగించి పట్టుకున్నవాడికి గుళ్ళు చెదురుతాయి. ముందు చేతిని కోడిపిల్లని పట్టుకున్నట్టు వదులుగా ఉంచి, గన్నుని తుళ్ళనిస్తే గుళ్ళు ఒక్కచోటికొస్తాయి. ఇది నేర్చుకోవడానికి నెల పడుతుంది. నా లెక్కలో అది దండగ కాదు, స్ప్రింగు గన్ను మీద దిద్దుకున్న చెయ్యి ఏ రైఫిల్ మీదైనా నిలుస్తుంది.

సిలిండరు గన్నులో ముందుగా నింపిన గాలి 200 బార్ల ఒత్తిడిలో ఉంటుంది. తుళ్ళు లేదు, హాయిగా ఉంటుంది. ప్రెసిహోల్ లాంటి దేశీ కంపెనీలవి ముప్పై, నలభై వేలకి దొరుకుతున్నాయి. జర్మనీ, ఆస్ట్రియాల మ్యాచ్ రైఫిళ్ళు రెండు లక్షల పైమాటే. అయితే గన్ను ఒక్కటే కొంటే చాలదు, చేతిపంపు కావాలి. మంచి పంపు ఖరీదు ఒక స్ప్రింగు గన్నంత. మన కొండల్లో జూన్ నుంచి అక్టోబరు దాకా గాలిలో నీరే నీరు. ఆ తేమ పంపు గాలితో పాటు సిలిండరులోకి వెళ్ళి లోపల తుప్పు పట్టిస్తుంది. మ్యాచ్ రైఫిళ్ళ సిలిండరు మీద గడువు తేదీ కూడా ఉంటుంది, సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు ముందు చూడాల్సింది అదే.

మధ్యలో ఒక రహస్య దారి. పాత క్లబ్బుల్లో ఎప్పుడైనా ఫైన్‌వెర్క్‌బావ్ 300ఎస్ అనే పాత జర్మన్ స్ప్రింగు రైఫిల్ అమ్మకానికొస్తుంది. అందులో గొట్టమూ పిస్టనూ కలిపి ఒక పట్టాల మీద వెనక్కి జారతాయి, తుళ్ళు భుజానికి చేరదు. పంపూ అక్కర్లేదు. స్థితి బాగుండి, ధర అందుబాటులో ఉంటే నేనైతే అప్పుచేసైనా తీసుకుంటాను. ఈ ఒక్క విషయంలో నా మాట నమ్మకండి, నాకు ఆ రైఫిల్ అంటే పిచ్చి.

ఆరో అడుగు: కొలతలూ సైటూ

బట్టు చివర మోచేతి మడతలో ఆనించండి. చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీద హాయిగా పడాలి. వేలు చాచాల్సొస్తే గన్ను పొడుగు, వేలు ముడుచుకుంటే పొట్టి. పదమూడేళ్ళ పిల్లలకి పెద్దవాళ్ళ గన్ను కొనిస్తే వాళ్ళు వెన్ను వెనక్కి విరిచి నిలబడతారు, ఆ అలవాటు తర్వాత పోదు. బరువు కూడా అంతే. పోటీలో 5.5 కిలోల దాకా ఒప్పుకుంటారు కానీ మొదటి గన్నుకి మూడు కిలోలు చాలు.

స్కోపు కొనకండి. పది మీటర్ల పోటీలో స్కోపు ఒప్పుకోరు. బడి పిల్లల జాతీయ పోటీల్లో ఓపెన్ సైట్, సన్న చిల్లులోంచి చూసే పీప్ సైట్ అని రెండు విభాగాలుంటాయి. గన్నుతో వచ్చే మామూలు సైటుతోనే మొదటి విభాగంలో దిగొచ్చు. స్కోపు డబ్బులు పెల్లెట్లకి పనికొస్తాయి.

దుకాణంలో చూసుకోవాల్సినవి

నా మొదటి స్ప్రింగు గన్ను ఒక పెద్ద ఊళ్ళో, పేరెందుకు, ఒక దుకాణంలో బేరమాడి కొన్నాను. గొట్టం విరిచి మూస్తే తలుపు గడియలా టిక్కుమని పడాలి. నాది కొంచెం ఊగేది. "కొత్త కదండీ, సర్దుకుంటుంది" అన్నాడు. సర్దుకోలేదు. రెండు వారాలకి పెల్లెట్ పెడుతుంటే ట్రిగ్గర్ జారింది, గొట్టం ఎగిరొచ్చి బొటనవేలి గోరు ఊడింది. అప్పటి నుంచీ ఎవరికి నేర్పినా మొదటి పాఠం ఇదే: పెల్లెట్ పెట్టేంతసేపూ రెండో చెయ్యి గొట్టాన్ని వదలకూడదు. వేలు ట్రిగ్గర్ దరిదాపుల్లో ఉండకూడదు.

మూసిన గొట్టాన్ని పక్కలకి ఊపి చూడండి. గొట్టం మూతి అంచు మీద చిన్న నొక్కు ఉన్నా వద్దు, పెల్లెట్ వంకరగా బయటపడేది అక్కడే. గొట్టం అతుకు మీద పల్చటి కాగితం ముక్క ఉంచి ఒక పెల్లెట్ కాల్చమనండి. కాగితం ఎగిరిపడితే రబ్బరు సీలు పోయింది. చివరగా, బస్తా మీద ఆనించి పది మీటర్లలో అయిదు గుళ్ళు కాల్చండి. రూపాయి బిళ్ళ ఆ అయిదింటినీ కప్పేయాలి. కప్పకపోతే వేరే పెల్లెట్‌తో ఇంకోసారి. ఒక్కో గొట్టానికి ఒక్కో పెల్లెట్ నచ్చుతుంది. కాల్చి చూడనివ్వనన్న దుకాణంలో ధర తగ్గించినా కొనొద్దు.

ఇరవై వేలు ఎలా ఖర్చుపెట్టాలి

మావాడి లెక్క ఇలా వేశాం. స్ప్రింగు గన్ను పదివేలు దాటకూడదు. గన్ను సంచి, తాళం, కళ్ళద్దాలకి పదిహేను వందలు. క్లబ్బు సభ్యత్వానికీ రానూపోనూ బస్సుకీ నాలుగు వేలు పక్కన పెట్టాలి. మిగిలినవన్నీ పెల్లెట్లకి.

పెల్లెట్ల దగ్గరే వాడు ఎదురుతిరిగాడు. "గుళ్ళకి అంతెందుకండీ?" అన్నాడు. రోజుకి అరవై, వారానికి అయిదు రోజులు, అంటే మూడొందలు. అయిదొందల డబ్బా రెండు వారాలు నిండకుండానే అయిపోతుంది. ఏడాదికి ముప్పై డబ్బాలు. నాలుగున్నర వేలకి అన్ని రావు, నాకూ తెలుసు. అందుకే మొదటి ఆరు నెలలూ రోజుకి ముప్పై కాల్చి, మిగతా సమయం గుండు లేకుండా గురిపెట్టి నిలబడమన్నాను. స్ప్రింగు గన్నుని మాత్రం పెల్లెట్ లేకుండా పేల్చకూడదు. పిస్టన్‌కి అడ్డే ఉండదు, వెళ్ళి ఇనుముకి కొట్టుకుంటుంది. స్ప్రింగు బిగించకుండానే గురి చూడాలి. కొనేటప్పుడు చదునైన తల ఉన్న పెల్లెట్లే తీసుకోండి. కాగితం మీద పంచింగ్ మిషను కొట్టినట్టు గుండ్రని చిల్లు పడుతుంది, లెక్క తేలిక. మొన తేలినవి కాగితాన్ని చింపుతాయి.

ఇంటికి తెచ్చే దారి, ఇంట్లో పెట్టే చోటు

బస్సులో తెచ్చేటప్పుడు గన్ను సంచిలో, గొట్టం ఖాళీగా, పెల్లెట్లు వేరే సంచిలో. దాన్ని చేత పట్టుకుని ఊళ్ళోకి నడిచి రావడం వద్దు. కొన్న మర్నాడే బిల్లు నకలు పట్టుకుని స్టేషనుకి వెళ్ళి, ఫలానా ఎయిర్ రైఫిల్ కొన్నాను, ఫలానా క్లబ్బులో ఆడుతున్నాను అని ఒక కాగితం రాసివ్వండి. చట్టం అలా చేయమని అడగదు. కానీ రేపు పొలం గట్టు మీద నల్లటి పొడుగు సంచితో వెళ్తున్న కుర్రాడి గురించి ఎవరో ఫోన్ చేస్తే, అవతల కూర్చున్నవాళ్ళకి మీ పేరు తెలిసి ఉంటుంది. మావాడి తండ్రికి ఈ ఒక్క అడుగే నచ్చింది.

గురి పలక పెట్టడానికి ఇటుక గోడో మట్టి గోడో చూసుకోండి, తడికె పనికిరాదు. గోడ వెనక దారి ఉండకూడదు. చెక్కపెట్టెలో ఇనప రేకుని వాలుగా బిగించి, ముందు పాత దుప్పటి మడతలు వేలాడదీస్తే పెల్లెట్ వెనక్కి ఎగరదు. కాగితం మధ్య చుక్క నేలనుంచి 1.40 మీటర్ల ఎత్తులో ఉండాలి. పది మీటర్లు అడుగులతో కొలవొద్దు, టేపుతో కొలిచి నేల మీద గీత గీయండి. పెల్లెట్లు సీసం, కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే అన్నం. పెద్దగెడ్డ పక్క ఊళ్ళల్లో వానాకాలం గోడలు చెమరుస్తాయి కాబట్టి గన్నుని గోడకి ఆనించి పెట్టకండి. నూనె గుడ్డతో పైన తుడిచి, చెక్కపెట్టెలో తాళం వేసి ఉంచండి. గొట్టం లోపల మాత్రం నూనె పోయకండి, స్ప్రింగు గన్నులో ఆ నూనె మండి సీలు పోతుంది.

మావాడు గన్ను ఇంకా కొనలేదు. ఎన్‌సీసీలో చేరాడు. మొదటి ఫైరింగ్‌లో అయిదు గుళ్ళు కాల్చి, కాగితం జేబులో పెట్టుకుని నాకు చూపించడానికి సాలూరు దాకా వచ్చాడు. మూడు చిల్లులు ఒకదాన్నొకటి ఆనుకుని ఎడమ కింద ఉన్నాయి, మిగతా రెండూ కాగితం అంచున. "ఆ రెండూ ఏటండీ?" అన్నాడు. ట్రిగ్గర్ లాగేశావురా, అన్నాను.